నలభై ఒక్క ఇళ్ళ గుట్టు

సీతవలస,
18 ఆగస్టు 2024

ఏమే ఇందూ,

నీకు దేముడమ్మ అనే మేనత్త ఒకర్తి ఉందని గుర్తుందా? జూన్‌లో నువ్వు రాసిన ఉత్తరమే ఆఖరు. ఆ తరవాత నా సంచిలో మనిషి చేత్తో రాసిన కాగితం ఒక్కటి కూడా దిగలేదు. అన్నీ బ్యాంకు కార్డులు, ఆధార్ కవర్లు, కోర్టు నోటీసులు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ ఊరి బ్రాంచి పోస్టుమాస్టర్ని. నా సొంత మేనకోడలే ఉత్తరం రాయకపోతే ఇంకెవరు రాస్తారు చెప్పు. ఫోన్ చెయ్యొచ్చు కదప్పా అంటాడు మీ నాన్న. గానుగ ఇంజను పక్కన నిలబడి నిలబడి నా చెవులు ఏనాడో పోయాయి. ఫోన్లో ఇద్దరం అరుచుకోవడం తప్ప ఏం లాభం?

వానలు బాగా పడ్డాయి. చెరుకు గడలు పడిపోకుండా ఆకులతో కలిపి కట్టే జడచుట్టు అయిపోయింది. మన జిల్లా పేరు మార్చారు గాని పిన్ కోడ్ మార్చలేదు, కాబట్టి పాత అడ్రసుకే రాయి.

ఇప్పుడు అసలు సంగతి. మా గౌరి బెల్లం సంఘం నీకు తెలుసు. నలభై ఒక్క ఇళ్ళు, రోడ్డు పక్కన రెండెకరాల స్థలం, షెడ్డు, మూడు పెనాలు. మందు పొడులు వెయ్యకుండా బెండ మొక్కల జిగురుతో రసం తేర్చి బెల్లం వండుతాం. మా దిమ్మకి అనకాపల్లి మార్కెట్లో పేరుంది. ఈ ఏడు ఇద్దరు వచ్చారు. ఒకరు అనకాపల్లి షావుకారు, ఏడాది పొడుగునా మా సరుకంతా కొంటానంటున్నాడు. రెండోది చాక్లెట్లు చేసే కంపెనీ. వాళ్ళకి బెల్లం కాదు, షెడ్డూ స్థలమూ గౌరి అన్న పేరూ మొత్తం కావాలట. వాళ్ళ మనిషి గౌరీశంకర్ అని ఒకాయన ఇస్త్రీ చొక్కాతో వచ్చి మా పెనాలన్నీ ఫొటోలు తీసుకుపోయాడు.

సంఘానికి పెద్దని నేను. నాకు దిమ్మ రంగు చూస్తే పాకం ఎక్కడ చెడిందో తెలుస్తుంది గాని ఈ కాగితాల భాష తెలీదు. నువ్వు విశాఖలో కూర్చుని పెద్ద పెద్ద వ్యాపారాలకి సలహాలు చెబుతావట కదా. మాకూ ఒకటి చెప్పు. ఫీజు కింద రెండు దిమ్మలు పంపుతాను. ఎక్కువ అడిగితే మీ నాన్నతో చెబుతాను.

నీ అత్త,
దేముడమ్మ

*

విశాఖపట్నం,
27 ఆగస్టు 2024

అత్తా,

తిట్లన్నీ అందాయి. యాభై కిలోమీటర్లు రావడానికి నీ ఉత్తరానికి అయిదు రోజులు పట్టింది. బస్సెక్కి నువ్వే వచ్చి తిట్టి వెళ్ళినా సాయంత్రానికి ఇంటికి చేరిపోయేదానివి.

ఆఫీసులో నా పరిస్థితి ఏం చెప్పను. నాలుగేళ్ళుగా రాత్రీ పగలూ స్లైడ్లు చేస్తున్నాను. మా గౌతమి మేడమ్‌కి ఇప్పటికీ నా పేరు ఒక్కోసారి గుర్తుండదు. 'ఆ చోడవరం అమ్మాయి' అంటుంది. నా తరవాత వచ్చినవాళ్ళు నా మీదుగా పైకి వెళ్ళిపోయారు. నాన్నకి ఇది చెప్పకు, బాధపడతారు.

మీ సంఘం పని నేను చేస్తాను. ఇది నా సొంతంగా, ఆదివారాలు చేసే పని. ఆఫీసుకి సంబంధం లేదు. నిజం చెప్పనా, ఇన్నేళ్ళ చదువుకి మొదటిసారి నాకు తెలిసినవాళ్ళకి పనికొచ్చే అవకాశం వచ్చిందని సంతోషంగా ఉంది.

నాకు కొన్ని వివరాలు కావాలి. అమ్మకం జరగాలంటే ఎంతమంది ఒప్పుకోవాలి? సంఘంలో ఎవరి మాట నడుస్తుంది? ఎవరు గట్టిగా నిలబడతారు, ఎవరు జారిపోతారు, ఎందుకు? పైపై మాటలు వద్దు. అవతలివాళ్ళు మిమ్మల్ని ఎక్కడ పట్టుకుని లాగుతారో నాకు ముందే తెలిస్తే, దానికి తగ్గ ప్లాను రాస్తాను. ఎంత చిన్న సంగతైనా సరే.

ఫీజు రెండు దిమ్మలు చాలవు. మొదటి పెనం ముక్క కూడా కావాలి.

నీ ఇందు

*

సీతవలస,
10 సెప్టెంబరు 2024

ఇందూ,

వినాయక చవితి బాగా జరిగిందా? చోడవరం స్వయంభూ వినాయకుడి గుడిలో నీ పేరున కొబ్బరికాయ కొట్టాను. కుళ్ళిపోలేదు, మంచిదే.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఊరుకున్నాను. చదువు రానివాళ్ళకి ఎన్ని ఉత్తరాలు చదివిపెట్టానో, ఎన్ని రాసిపెట్టానో లెక్కలేదు. మొగుడు ఒగ్గేసిన సంగతి, కూతురు లేచిపోయిన సంగతి, అన్నీ నా చెవిన పడ్డాయి. ఒక్క ముక్క నా నోట్లోంచి బయటికి రాలేదు. సంఘానికి నన్ను పెద్దని చేసింది కూడా అందుకే. అందుకని రాయడానికి చెయ్యి వెనకాడింది. మళ్ళీ అనుకున్నాను, ఇందు పరాయిదా? మా కోసమే కదా అడుగుతోంది.

రాసుకో. ముప్పై మంది సంతకం పెడితేనే అమ్మకం. ఒక్కటి తగ్గినా చెల్లదు.

సత్యారావు. మనిషి మంచివాడే గాని కొడుకంటే పిచ్చి. ఆ గుంటడికి ఉద్యోగం ఇస్తానని కుక్క వచ్చి చెప్పినా దాని వెనకాల వెళ్ళిపోతాడు. అతనితో పాటు ఆ వీధి ఎనిమిది ఇళ్ళు వెళతాయి.

పెదబాబు. ఇరవై ఏళ్ళుగా పదిమందిలో కుర్చీ వేసి కూర్చోబెట్టాలని ఆయన ఆశ. మేం ఎవరం వెయ్యలేదు. వేసినవాడి పక్షం.

అచ్చియ్యమ్మ. పాకం చూడడంలో ఆమె తరవాతే ఎవరైనా. రెండు వేళ్ళ మధ్య పాకం తీసి చూస్తే చాలు, పెనం దించమంటుంది. రెండు మోకాళ్ళూ అరిగిపోయి పెనం దగ్గర నిలబడలేకపోతోంది. కొడుకులకి తెలిస్తే పని మాన్పించేస్తారని నాకొక్కదానికే చెప్పింది. రాత్రుళ్ళు ఏడుస్తుందట.

హరిబాబు, మా సెక్రటరీ. ఏ ఆశకీ లొంగడు. మాట పడితే మాత్రం ఓర్చుకోలేడు. దొంగ అంటే చాలు, అన్నం మానేస్తాడు. అతను నిలబడ్డంత కాలం సంఘానికి ఢోకా లేదు.

మొదటి పెనం ముక్క అడిగావు. అదేం కోవా బిళ్ళ కాదే. మొదటి పెనం దిమ్మని గౌరమ్మ ముందు పెట్టి, పగలగొట్టి, నలభై ఒక్క ఇళ్ళకీ చేత్తో తీసుకెళ్ళి ఇస్తాం. అది తిన్నవాళ్ళు ఆ ఏడంతా సంఘం మాట దాటకూడదు. మాట దాటిన ఇంటికి మరుసటి ఏడు ముక్క వెళ్ళదు. నాకు తెలిసి ఒక్కసారే అలా జరిగింది, ఆ ముసలాయన మూడేళ్ళు వీధిలోకి రాలేదు. సరే, నా వాటాలోంచి నీకు కాస్త పంపుతాలే.

ఇవన్నీ నీ కడుపులో పెట్టుకో.

నీ అత్త

*

విశాఖపట్నం,
6 అక్టోబరు 2024

అత్తా,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. ఆఫీసులో ఒక పెద్ద క్లయింటు పని వచ్చింది. ఈసారి గౌతమి మేడమ్ నన్నే ముందు కూర్చోబెట్టింది. వివరాలు బయట చెప్పకూడదు, అది మా ఉద్యోగ నియమం. కాని సంతోషించు, నీ కోడలికి ఇక పేరుంది.

నువ్వు కవరులో పెట్టిన సంఘం కాగితాలు చూశాను. ప్లాను ఆరు పేజీలు వేరే కవరులో పంపుతున్నాను. ముఖ్యమైన సంగతి ఒక్కటే. అనకాపల్లి షావుకారితో ఏడాది ఒప్పందం చేసుకోకండి. ఒకసారి కట్టుబడితే మీకు వేరే దారి ఉండదు. జనవరి దాకా ఆగండి. అప్పటికి మీ సరుకు విలువ పెరుగుతుంది, పెద్దవాళ్ళు మీ దగ్గరికే వస్తారు.

హరిబాబు గారు ఒప్పుకోకపోవచ్చు. నేను చెప్పానని చెప్పు.

తలనొప్పిగా ఉంది, ఇంతటితో ఆపుతాను. నువ్వు రాసిన సంగతులన్నీ చాలా ఉపయోగపడ్డాయి.

ఇందు

*

సీతవలస,
2 డిసెంబరు 2024

ఇందూ,

నువ్వు చెప్పినట్టే చేశాను. షావుకారిని వద్దన్నాం. హరిబాబు లేచి, "సేతికందిన బేరం ఒగ్గేసుకుంటన్నాం దేముడమ్మా, జనవరి దాకా మనకి దిక్కెవడు?" అన్నాడు. నేను ఊరుకోలేదు. "మా కోడలు పెద్ద పెద్ద కంపెనీలకి సెప్తది, నీకన్నా దానికి తెలవదా?" అని అందరి ముందూ అన్నాను. కుర్చీలో చతికిలపడ్డాడు పాపం. షావుకారు మాడుగుల వైపు ఎవరితోనో కుదుర్చుకున్నాడని విన్నాను.

మొన్న మొదటి పెనం దించాం. దిమ్మ బంగారంలా వచ్చింది. నా వాటాలో సగం అరిటాకులో చుట్టి, పైన గుడ్డ కుట్టి పార్సిలు చేశాను. చీమలు పడితే నా తప్పు కాదు.

ఒక సంగతి మాత్రం నాకు అంతుబట్టడం లేదు. గౌరీశంకర్ మళ్ళీ దిగాడు. ఈసారి ఇంటింటికీ తిరుగుతున్నాడు. సత్యారావు ఇంటికి వెళ్ళి కొడుక్కి కంపెనీలో ఉద్యోగం అన్నాడు. పెదబాబుని రైతు కమిటీ చైర్మన్ని చేస్తామని కారులో అనకాపల్లి తీసుకెళ్ళి హోటల్లో భోజనం పెట్టించాడు. వీళ్ళు సరే, ఊళ్ళో ఎవరైనా చెప్పగలరు. అచ్చియ్యమ్మ దగ్గరికి వెళ్ళి, "మీ మోకాళ్ళకి విశాఖలో పెద్ద డాక్టరు చేత ఆపరేషన్ చేయిస్తాం" అన్నాడట. ఆ ముసల్ది నా దగ్గరికి వచ్చి, "ఏటే దేముడూ, నా మోకాళ్ళ సంగతి ఆడికెవులు సెప్పేరు? నీకు తప్ప నానెవులికీ సెప్పలేదే" అని అడిగింది. పెనం దగ్గర ఆమె కుంటడం మాలో ఎవరి కంటో పడి ఉంటుందనుకున్నాను.

మాలోనే ఎవడో ఉన్నాడు ఇందూ. నువ్వు ఇలాంటివి చూసి ఉంటావు. ఎలా కనిపెట్టాలి?

నీ అత్త

*

విశాఖపట్నం,
14 డిసెంబరు 2024

అత్తా,

పార్సిలు వచ్చింది. ముక్క ఆఫీసులో అందరికీ పంచాను. ఇలాంటి బెల్లం ఎప్పుడూ తినలేదన్నారు.

కంపెనీలు కొనేముందు సర్వే చేయించుకోవడం మామూలే. నువ్వు అంతగా కంగారు పడకు. సమాచారం ఎలాగైనా బయటికి వస్తుంది. సంఘం లోపల నుంచే ఎవరో మాట్లాడి ఉండొచ్చు, చాలాసార్లు అలాగే జరుగుతుంది.

ఒక మాట చెబుతాను, కోప్పడకు. కంపెనీ ఇస్తానంటున్నది అంత చెడ్డ బేరం కాదు. మీలో సగం మందికి అరవై దాటాయి. ఇంకెన్నాళ్ళు పెనాల ముందు ఉడుకుతారు? అమ్మినా మీ చెరుకు వాళ్ళే కొంటారు కదా. పట్టుదల కోసం కాకుండా మేలు కోసం ఆలోచించు.

చలికి జాగ్రత్త.

ఇందు

*

సీతవలస,
20 జనవరి 2025

ఇందూ,

అంతా అయిపోయింది.

సంక్రాంతికి ముందు నుంచే సంతకాలు మొదలయ్యాయి. సత్యారావు, అతని వీధి, పెదబాబు, పెదబాబు తమ్ముళ్ళు, షావుకారి బేరం పోయిందని భయపడ్డవాళ్ళు. మొత్తం ఇరవై తొమ్మిది దగ్గర ఆగింది. అచ్చియ్యమ్మ మాత్రం, "నా కాళ్ళు నాయి, ఆడి డాక్టరు నాకక్కర్లేదు" అని గౌరీశంకర్‌ని గుమ్మంలోంచే పంపేసింది. మరొక్క సంతకం పడకుండా కాపాడితే చాలని అనుకున్నాం.

పదో తారీఖున గౌరీశంకర్ పోస్టాఫీసుకి వచ్చాడు. కవరు కొంటున్నట్టు కొంటూ, "మీ సంగతులన్నీ మీ సెక్రటరీ గారే చెప్పారండీ, మంచి మనిషి" అని నవ్వి వెళ్ళాడు. నా ఒళ్ళు మండిపోయింది. ఇది లోపలి మనిషి పనే అని నువ్వు కూడా రాశావు కదా. సాయంత్రం మీటింగులో అందరూ కూర్చున్నాక లేచి అడిగాను. "హరిబాబూ, అచ్చియ్యమ్మ మోకాళ్ళని ఎంతకమ్మేవు?" అన్నాను. ఇందూ, నేను ఆ మాట అన్నాను.

అతను కుర్చీలోంచి లేచాడు. "నాను దొంగనా దేముడమ్మా? ఇరవై రెండేళ్ళు ఈ సంఘం కాగితాలు మోసినోణ్ణి నాను దొంగనా?" అన్నాడు. నేను తల తిప్పుకున్నాను. అతను రిజిస్టరు బల్ల మీద పెట్టి, తాళాలు దాని మీద పెట్టి, "దొంగలున్న సంఘం ఉంటే ఏటి, పోతే ఏటి" అని వెళ్ళిపోయాడు. తెల్లారి వెళ్ళి సంతకం పెట్టేశాడు. ముప్పయ్యో సంతకం అతనిదే.

దొంగ కాబట్టే సంతకం పెట్టాడని అందరితో అన్నాను. అంటున్నాను గాని అన్నం సహించడం లేదు. షెడ్డుకి కంపెనీ వాళ్ళ తాళం పడింది. మా పెనాలు మూడూ లోపలే ఉన్నాయి.

నువ్వు చెయ్యగలిగింది నువ్వు చేశావు. నీ ఆరు పేజీలూ గౌరమ్మ పటం వెనకాల దాచుకున్నాను.

అత్త

*

విశాఖపట్నం,
30 జనవరి 2025

అత్తా,

ఏం రాయాలో తెలియడం లేదు. నువ్వు బాధపడకు. హరిబాబు గారి విషయంలో నువ్వు తప్పు చేశావని అనుకోకు, ఆయన సంతకం ఆయన ఇష్టం. కొన్నాళ్ళు మా దగ్గరికి వచ్చి ఉండు. నాన్న గాజువాక నుంచి వచ్చి నిన్ను తీసుకొస్తారు.

ఇందు

*

సీతవలస,
21 ఫిబ్రవరి 2025

ఇందూ,

ఇవాళ చోడవరం నుంచి వచ్చిన సంచిలో ఒక స్పీడ్ పోస్టు కవరు ఉంది. లావుగా ఉంది, లోపల పుస్తకంలాంటిది తగిలింది. ఎవరికి? కంపెనీ ప్రతినిధి గౌరీశంకర్ గారికి, గౌరి షెడ్డు, సీతవలస. పంపినవారు ఎవరు? మీ ఆఫీసు. సిరిపురం అడ్రసు, నువ్వు నాకు విజిటింగ్ కార్డు ఇచ్చావే, అదే. మూల మీద పెన్నుతో చిన్నగా 'ఇందు' అని కూడా ఉంది.

బంట్రోతు సెలవు కాబట్టి డెలివరీ కూడా నాదే. ఆ కవరు బల్ల మీద పెట్టుకుని గంట కూర్చున్నాను. జిగురు సరిగా అంటలేదు. వేలు పెడితే ఊడిపోతుంది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎవరి కవరూ తెరవలేదు. ఇది కూడా తెరవలేదు. మా షెడ్డు దాకా నడిచి వెళ్ళి, మా గేటు బయట నిలబడి, వాడి చేతికిచ్చి సంతకం పెట్టించుకున్నాను. వాడు, "థాంక్సండీ దేముడమ్మగారూ" అన్నాడు.

అందులో ఏముందో నువ్వే చెప్పు. ఏదో పొరపాటు అని చెప్పు. మీ ఆఫీసులో ఇంకో ఇందు ఉందని చెప్పు. నమ్ముతాను.

అత్త

*

విశాఖపట్నం,
12 మార్చి 2025

అత్తా,

ఇంకో ఇందు లేదు.

ఈ ఉత్తరం తొమ్మిదిసార్లు మొదలుపెట్టాను. వరసగా చెప్పేస్తాను. నువ్వు సెప్టెంబరులో సంఘం వాళ్ళ సంగతులు రాసినప్పుడు నేను నిజంగా మీ కోసమే అడిగాను. ఈ ఒక్క మాటైనా నమ్ము. ఆ నెలాఖరుకి చాక్లెట్ కంపెనీ మా ఆఫీసుకి వచ్చింది. చోడవరం వైపు బెల్లం సంఘం ఒకటి కొనాలి, దారి చూపించండి అన్నారు. మీటింగులో పదిహేను మంది ఉన్నారు. "ఆ ఏరియా నాకు తెలుసు" అన్నాను. నాలుగేళ్ళలో మొదటిసారి అందరూ నా వైపు తిరిగారు.

పని మొదలుపెట్టే ముందు ఒక ఫారం ఇస్తారు. ఈ వ్యవహారంలో మీకు బంధువులు గాని, సొంత లాభం గాని ఉన్నాయా అని అడుగుతుంది. ఉంటే ఆ పనికి దూరంగా ఉండాలి. ఉన్నారు, లేరు అని రెండు గళ్ళు ఉంటాయి. నేను 'లేరు' మీద టిక్ పెట్టాను.

షావుకారిని వద్దనమని నీకు రాసిన రోజుకి ఆ ఫారం నింపి పది రోజులైంది. మీరు ఆయనతో కట్టుబడితే మా క్లయింటుకి దారి మూసుకుపోతుంది. అందుకే ఆగమన్నాను.

ఆ కవరులో ఉన్నది పని ముగిశాక పంపిన మా రిపోర్టు పూర్తి కాపీ. అందులో ఒక పేజీ నీకు తెలుగులో రాసి ఇస్తున్నాను. నువ్వు కవరు తెరవలేదు కాబట్టి నేనే తెరుస్తున్నాను.

'సత్యారావు: కొడుకు ఉద్యోగం. వెంట ఎనిమిది ఇళ్ళు.
పెదబాబు: పదవి, మర్యాద.
అచ్చియ్యమ్మ: మోకాళ్ళు. రహస్యం.
హరిబాబు: ఆశకి లొంగడు. మాట పడలేడు. అధ్యక్షురాలితో విభేదం వస్తే సంఘం నిలవదు.
దేముడమ్మ (అధ్యక్షురాలు): ఊరివాళ్ళ మాటకన్నా చదువుకున్న బంధువుల సలహా నమ్ముతుంది.'

హరిబాబు గారి పేరు నీ దగ్గర చెప్పమని గౌరీశంకర్‌కి నేను చెప్పలేదు. కాని ఆ లైను రాసింది నేనే. ఆయన ఏ తప్పూ చెయ్యలేదు. లోపలి మనిషి ఎవరో ఉండొచ్చని నీకు రాసినప్పుడు ఆ మనిషి ఎవరో నాకు తెలుసు.

ఉద్యోగం మానేద్దామనుకున్నాను. మానలేదు. అది కూడా దాచకూడదనిపించింది.

ఈ ఉత్తరం అందరికీ చదివి వినిపించు. హరిబాబు గారికి ముందు వినిపించు. నా మీద కేసు పెట్టినా ఇది నా చేతిరాతే అని ఒప్పుకుంటాను. నన్ను తిట్టు అత్తా. తిడుతూ అయినా సరే, రాయి.

ఇందు

*

సీతవలస,
15 డిసెంబరు 2025

ఇందూ,

తొమ్మిది నెలల తరవాత ఇది రాస్తున్నాను. నువ్వు మార్చిలో చదివి వినిపించమన్నావు. వినిపించాను.

షెడ్డు మనది కాదు కాబట్టి పోస్టాఫీసు అరుగు ముందు అందర్నీ రమ్మన్నాను. హరిబాబు రానన్నాడు. వాళ్ళ గుమ్మం ముందు నిలబడి దణ్ణం పెడితే వచ్చాడు. నీ ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా చదివాను. నీ పేజీ అయ్యాక ఆగితే సరిపోయేది. అందరూ నిన్నే తిడుతున్నారు. "ఏం గుంటే బాబూ, సొంత అత్త మెడే కోసిందే" అన్నాడు సత్యారావు. నన్ను చూసి అయ్యో పాపం అంటున్నారు. అది విని ఊరుకోలేకపోయాను. ఇందుకి ఇవన్నీ ఎవరు చెప్పారనుకున్నారు, నేనే రాశాను అన్నాను. సెప్టెంబరులో నీకు రాసిన మాటలన్నీ గుర్తున్నంత వరకు చెప్పాను. కుక్క మాట కూడా చెప్పాను.

సత్యారావు, "నన్ను కుక్కెనకాల ఎల్లిపోయేవోణ్ణని రాసేవా దేముడమ్మా?" అని నెమ్మదిగా అడిగాడు. అతని కొడుక్కి ఇచ్చిన ఉద్యోగం అప్పటికే మూడు నెలలతో సరి అన్నారు. నేను హరిబాబు కాళ్ళ మీద పడబోతే అతను పక్కకి జరిగాడు. "ఇప్పుడేటి సేస్తాం. నువ్వన్నావని నాను సంతకం ఎట్టేను. సెయ్యి నాదే గదా" అన్నాడు. అచ్చియ్యమ్మ కర్ర పట్టుకుని లేచి వెళ్ళిపోయింది. లేవడానికి ఎంత కష్టపడుతుందో ఆ రోజు కొడుకులిద్దరూ చూశారు. మరునాటి నుంచి ఆమెని బయటికి రానివ్వలేదు. ఆమె దేనికి భయపడి దాచమందో అదే జరిగింది.

నీ మీద కోపం లేదని అబద్ధం చెప్పను. ఉంది. నువ్వు పరాయిదానివై ఈ పని చేసి ఉంటే ఇంత మండేది కాదు. నేను నిన్ను ఎత్తుకుని ఆ షెడ్డంతా తిప్పాను. వేడి బెల్లం వేలితో తీసి నీ నోట్లో పెట్టాను. నువ్వు ఆ చోటు కంపెనీకి చూపించావు. నీ వల్ల చెయ్యని తప్పుకి ఒక మంచి మనిషిని పదిమందిలో దొంగని చేశాను. జనవరిలో నేను ఏడుస్తూ ఉత్తరం రాస్తే, బాధపడకు అని జవాబు రాశావు. ఆ ఉత్తరం ఎన్నిసార్లు తీసి చదివానో నాకే తెలీదు. ఎలా రాయగలిగావే?

కంపెనీ వాళ్ళు బెండ జిగురు మానేసి పొడి వేసి వండుతున్నారు. డబ్బా మీద మాత్రం గౌరి పేరే. చోడవరం బజారులో చూశాను.

సంతకం పెట్టని పదకొండు ఇళ్ళూ కలిసి ఈ ఏడు అచ్చియ్యమ్మ పొలంలో పాత పెనం ఒకటి ఎత్తాం. ఆమె పట్టుబట్టి కొడుకుల చేత కుర్చీ వేయించుకుని పెనం పక్కన కూర్చుంది. నిన్న మొదటి పెనం దించాం. పొద్దున్నుంచి పొయ్యిలో చెరుకు పిప్పి ఎగదోసింది నేను. అచ్చియ్యమ్మ కూర్చునే పాకం చూసి, ఇక దించమంది. దిమ్మ పగలగొట్టి ఒక్కొక్క ఇంటి పేరూ పిలిచి చేతిలో ముక్క పెట్టింది. పది పేర్లు పిలిచింది. హరిబాబు సంతకం పెట్టినవాడైనా అతనికీ ఒక ముక్క పంపింది. నేను కొంగు పట్టుకుని నిలబడే ఉన్నాను. నా వైపు చూసి, "నీకేటెట్టినా ఉత్తరం రాసేస్తావు గదే" అంది. కోపంగా కూడా అనలేదు. తరవాత చేతులు కడుక్కుంది.

ఇంటికొచ్చి నీకే రాస్తున్నాను చూడు. ఆమె అన్నది నిజమే. ఇంక రాయను.

ఏప్రిల్లో ఒకటి, జూలైలో ఒకటి, దసరాకి ఒకటి, నీ ఉత్తరాలు మూడు నా సంచిలో వచ్చాయి. మూడూ విప్పకుండా తిప్పి పంపాను. నీకు అంది ఉంటాయి. తిప్పి పంపేటప్పుడు కవరు మీద ఎందుకో రాయాలి, అది మా శాఖ నియమం. 'అలాంటివారు ఎవరూ లేరు' అని రాయొచ్చు, 'తీసుకోలేదు' అని రాయొచ్చు. మొదటి కవరు ముందు పెట్టుకుని, ఫారంలో నువ్వు టిక్ పెట్టిన గడి గుర్తొచ్చి, నేను కూడా లేరనే రాద్దామనుకున్నాను. పెన్ను పెట్టాను కూడా. చెయ్యి రాలేదు. మూడింటి మీదా 'తీసుకోలేదు' అనే రాశాను.

దేముడమ్మ